బ్లేడు నడిచిన దారిలో చర్మం

శస్త్రచికిత్సకు సిద్ధం చేస్తున్న రోగి ఒంటి మీది వెంట్రుకలను బ్లేడుతో ఎట్టి పరిస్థితుల్లోనూ గీయకూడదనీ, తీయక తప్పదనుకుంటే క్లిప్పరుతో కురచగా కత్తిరించి వదిలేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంతకు ముందు అనేక దశాబ్దాల పాటు ఆస్పత్రుల్లో నడిచిన పద్ధతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆపరేషన్‌కు ముందునాటి సాయంత్రమే పొట్టను, గజ్జలను నున్నగా గీసేయడం పరిశుభ్రతలో భాగమనే నమ్మకం వైద్యుల్లోనూ, నర్సుల్లోనూ, రోగి బంధువుల్లోనూ బలంగా ఉండేది. ఆ నమ్మకాన్ని లెక్కలు కూల్చాయి. 1971లో సెరోపియన్, రేనాల్డ్స్ అనే ఇద్దరు వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, బ్లేడుతో గీయించుకున్నవారిలో 5.6 శాతం మందికి ఆపరేషన్ గాయం చీము పట్టగా, రోమనాశక క్రీము వాడినవారిలోనూ, వెంట్రుకలు అసలు తీయనివారిలోనూ అది 0.6 శాతం దగ్గరే ఆగింది. కెనడాలో క్రూజ్, ఫోర్డ్ 1973లో 20 వేలకు పైగా గాయాలను పరిశీలించినప్పుడు బ్లేడుతో గీసినచోట 2.3 శాతం, క్లిప్పరుతో కత్తిరించినచోట 1.7 శాతం, ముట్టుకోకుండా వదిలినచోట 0.9 శాతం చీము పట్టాయని తేలింది.

బ్లేడు ఎంత నేర్పుగా నడిచినా చర్మం మీద కంటికి ఆనని గాట్లు పడతాయి, ఆ గాట్లలో ఊరే తేమలో చర్మం మీద మామూలుగా కాపురముండే బాక్టీరియా తెల్లవారేసరికి వందల రెట్లు పెరగగలుగుతుంది. గీయడానికీ ఆపరేషన్‌కూ మధ్య వ్యవధి ఎక్కువయ్యేకొద్దీ ముప్పు పెరగడానికి కారణం ఇదే. ప్రసవానికి ముందు గర్భిణి జననాంగాల పరిసరాలను గీయించే ఆనవాయితీకి కూడా ఇదే గతి పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే దాన్ని హాని కలిగించే లేదా ప్రయోజనం లేని పద్ధతుల జాబితాలో చేర్చింది, 2018లో మళ్లీ అదే మాట చెప్పింది. అయినా మన ప్రాంతంలో కాన్పుకు వెళ్లే స్త్రీ చేతికి సబ్బు, తువాలుతో పాటు బ్లేడు కూడా ఇచ్చి పంపే ఇళ్లు ఇంకా ఉండటాన్ని బట్టి, నునుపుకూ శుభ్రతకూ ముడిపెట్టే ఆలోచన ఎంత లోతుగా నాటుకుందో ఊహించవచ్చు.

ఆపరేషన్ గదిలో చీముగా బయటపడిన గాట్లే ఇంట్లో స్నానాలగదిలో మంటగా, దురదగా, ఎర్రటి పొక్కులుగా బయటపడతాయి. గడ్డం, కాళ్లు గీసుకున్నప్పుడు అంతగా బాధించని ఈ సమస్య చంకల్లోనూ, గజ్జల్లోనూ, జననాంగాల చుట్టూ మాత్రం ఎక్కువగా తలెత్తుతుంది. అమెరికాలో 7 వేల మందికి పైగా స్త్రీపురుషులను ప్రశ్నించి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, జననాంగాల వద్ద వెంట్రుకలు తొలగించుకునేవారిలో సుమారు నాలుగోవంతు మంది ఏదో ఒకసారి గాయపడ్డామని చెప్పారు. ఆ గాయాల్లో కోతలదే అగ్రస్థానం, తర్వాతివి కాలిన గాయాలు, దద్దుర్లు. భారతదేశంలో ఈ విషయాన్ని ఇంట్లోవారితోనే కాక డాక్టరుతో కూడా చెప్పుకోవడానికి సిగ్గుపడేవారే ఎక్కువ కనుక, బాధ ఉన్నవారు మందుల దుకాణంలో దొరికిన ఏదో ఒక గొట్టం కొని రాసుకుంటారు, తరచుగా అసలు జబ్బు అక్కడి నుంచే మొదలవుతుంది.

మంట ఎందుకు పుడుతుందో తెలియాలంటే చర్మం పై అంచున ఉన్న ఒక పలచని పొర గురించి చెప్పుకోవాలి. చర్మంలో పైన బాహ్యచర్మం, దాని కింద రక్తనాళాలు, నాడులు ఉండే అంతశ్చర్మం ఉంటాయి. బాహ్యచర్మానికి కూడా పైకప్పుగా స్ట్రాటమ్ కార్నియమ్ అనే మృతకణాల పొర ఉంటుంది. అరచేతులు, అరికాళ్లు మినహాయిస్తే దీని మందం మిల్లీమీటరులో వందోవంతు నుంచి యాభయ్యోవంతు వరకే. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు ఇందులో చదునైన మృతకణాలు వరుసలుగా అమరి ఉంటాయి, వాటి మధ్య సందులను సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు అనే మూడు రకాల కొవ్వులు పూడ్చి ఉంచుతాయి. ఒంట్లోని నీరు ఆవిరై పోకుండా కాపాడేదీ, బయటి రసాయనాలు, సూక్ష్మజీవులు లోపలికి దిగకుండా ఆపేదీ ఈ పొరే. దీని ఉపరితలం స్వల్పంగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. ఆమ్లక్షారాలను కొలిచే పీహెచ్ కొలమానంలో అది 4.5 నుంచి 5.5 దాకా ఉంటుంది, ఆ పులుపు తగ్గితే కొవ్వులను తయారుచేసే ఎంజైములు మందగించి కప్పు మరమ్మతు ఆలస్యమవుతుంది.

వెంట్రుకను చర్మం మట్టానికి కోయాలని బ్లేడును అదిమినప్పుడు అది వెంట్రుకతో పాటు ఈ పొరను కూడా కొంత గీకి తీస్తుంది. చంకలో గీసినప్పుడు రాలిన పదార్థాన్ని తూచి చూసిన పరిశోధకులకు అందులో మూడోవంతు దాకా చర్మమే కనిపించింది. అంటే బ్లేడు మీద చేరే మడ్డి అంతా వెంట్రుకలదేననుకోవడం పొరపాటు. కప్పు పలచబడినచోట నీరు త్వరగా ఆవిరైపోతుంది, చర్మం బిగుసుకుంటుంది, కణాలు దెబ్బతిన్నట్టు సంకేతాలు వెలువడతాయి, రక్తనాళాలు వ్యాకోచించి ఎరుపు తేలుతుంది, అప్పటిదాకా కప్పు చాటున ఉన్న నాడుల కొసలకు చెమటలోని ఉప్పు సోకడం కూడా తెలిసిపోతుంది. ఒకే చోట బ్లేడును మూడు నాలుగుసార్లు తిప్పినవారికీ, ఎదురు దిక్కులో గీసినవారికీ మంట ఎక్కువగా ఉండేది ఇందువల్లనే.

చంకలకూ గజ్జలకూ అదనంగా ఉన్న ఇబ్బంది వాటి నిర్మాణంలో ఉంది. అవి ముడతల ప్రదేశాలు. చర్మానికి చర్మమే ఆనుకుని ఒరుసుకుంటుంది, గాలి ఆడదు, స్వేదగ్రంథులతో పాటు ఎపోక్రైన్ గ్రంథులనే మరో రకం గ్రంథులు కూడా అక్కడ చిక్కటి స్రావాన్ని విడుదల చేస్తాయి. ఉక్కబోత ఎక్కువగా ఉండే కోస్తా జిల్లాల్లో వేసవి నాలుగు నెలలూ ఆ చోట్లు ఆరే సందర్భమే అరుదు. పైగా అక్కడి చర్మం బయటి పదార్థాలను అసాధారణంగా పీల్చుకుంటుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే శాస్త్రవేత్తలు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను శరీరంలో వేర్వేరు చోట్ల పూసి ఎంత లోపలికి దిగిందో కొలిచారు. ముంజేతి చర్మం పీల్చినదాన్ని ఒకటిగా లెక్కిస్తే చంకలో అది దాదాపు మూడున్నర రెట్లు, వృషణాల సంచి మీద 42 రెట్లు ఉంది. ముంజేతి మీద పరీక్షించి ఇబ్బంది లేదనుకున్న క్రీమైనా, సెంటైనా ఇక్కడ మంట పుట్టించడానికి ఈ ఒక్క సంఖ్య చాలినంత వివరణ.

వెంట్రుక వైపు నుంచి చూసినా విషయం అంత సులువైనది కాదు. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీనుతో తయారైనది. పొడిగా ఉన్నప్పుడు అది తన మందంలోనే ఉన్న రాగి తీగకు దాదాపు సాటివచ్చేంత మొండిగా కోతను ఎదిరిస్తుందని చెబుతారు. నీరు తగిలితే కెరటిన్ పోగుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు సడలి, వెంట్రుక తన బరువులో సుమారు 30 శాతం వరకు నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది. ఈ మెత్తబడటం చాలావరకు రెండు మూడు నిమిషాల్లోనే పూర్తవుతుంది, నీరు గోరువెచ్చగా ఉంటే ఇంకా త్వరగా జరుగుతుంది. జిడ్డు పట్టిన వెంట్రుకలోకి మాత్రం నీరు దిగదు కనుక ముందు కడుక్కోవడం అవసరం. స్నానం ముగిసే ముందు గీసుకోవాలనే సలహాకు ఆధారం ఇదే తప్ప మరొకటి కాదు. స్నానానికి ముందు పొడి చర్మం మీద సబ్బు రాసి వెంటనే గీసేవారు గట్టి వెంట్రుకను మెత్తటి చర్మం మీద పెట్టి కోస్తున్నారన్నమాట.

బ్లేడు మొద్దుబారే తీరును మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన రోషియోలీ, తాసాన్ బృందం 2020లో సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. వెంట్రుక కంటే ఉక్కు 50 రెట్లు గట్టిదైనా, వెంట్రుక వంగి పక్కవాటుగా తగిలినప్పుడు బ్లేడు అంచులో నిర్మాణం ఏకరీతిగా లేని చోట చిన్న చిన్న ముక్కలు ఊడిపోతాయని వారు చూపించారు. అలా పెచ్చులూడిన అంచు వెంట్రుకను కోయడానికి బదులు పట్టి లాగుతుంది, లాగినప్పుడు చేయి తనకు తెలియకుండానే మరింత అదుముతుంది. చర్మవైద్యులు ఐదు నుంచి ఏడుసార్లు వాడాక బ్లేడు మార్చమనడానికి కారణం తుప్పు మాత్రమే కాదు. ముతక వెంట్రుకలున్న చోట్ల ఈ లెక్క ఇంకా ముందే ముగుస్తుంది. గీసిన తర్వాత కడిగి, విదిలించి, తడి లేని చోట ఆరబెట్టని రేజరు మీద బాక్టీరియా కూడా చేరుతుంది. భార్యాభర్తలు, అన్నదమ్ములు ఒకే రేజరు వాడుకోవడం మరో ప్రమాదం, ఎందుకంటే హెపటైటిస్ బి వంటి వైరస్‌లకు కంటికి కనిపించని రక్తపు తడి కూడా చాలు. క్షౌరశాలల్లో బ్లేడును రెండుగా విరిచి ప్రతి మనిషికీ కొత్త ముక్క వేసే ఆచారం ఇళ్లలో ఇంకా అలవడకపోవడం విచిత్రమే.

గీసిన రెండు మూడు రోజుల తర్వాత తేలే గట్టి గడ్డల కథ వేరు. కోసిన వెంట్రుక కొస సహజమైన కొసలా సన్నగా ఉండదు, ఏటవాలుగా తెగి మొనదేలి ఉంటుంది. ఉంగరాల వెంట్రుకైతే అది బయటికి వచ్చాక మళ్లీ వంగి పక్కనున్న చర్మంలోకి గుచ్చుకుంటుంది, లేదా చర్మం కంటే లోతుగా కోయబడితే పైకి రాకుండానే రోమకూపం గోడను, అంటే వెంట్రుక మొలిచే గొట్టం గోడను, లోపలి నుంచే చీల్చుకుని పోతుంది. శరీరం ఆ కొసను బయటి వస్తువుగా భావించి దాని చుట్టూ వాపు తెస్తుంది. ఈ స్థితిని గడ్డం విషయంలో అమెరికా వైద్యులు స్ట్రాస్, క్లిగ్‌మన్ 1956లో విపులంగా వర్ణించారు. ఇది వారి దేశంలో నల్లజాతి పురుషులను, ముఖ్యంగా రోజూ నున్నగా గీసుకోక తప్పని సైనికులను దశాబ్దాలుగా వేధించింది. రోమకూపంలోని ఒక కెరటిన్ జన్యువులో చిన్న మార్పు ఉన్నవారికి ఈ గడ్డలు వచ్చే అవకాశం సుమారు ఆరు రెట్లు ఎక్కువని 2004లో తేలింది. తెలుగువారి గడ్డాల్లో ఇది అంత తరచు కాకపోవచ్చు గానీ, తలవెంట్రుకలు నిటారుగా ఉన్నవారికి కూడా జననాంగాల వద్ద వెంట్రుకలు ముతకగా, వంకీలు తిరిగి ఉంటాయి కనుక, ఆ చోట ఈ ముప్పు అందరికీ ఉంది.

ఒకటికి మించిన బ్లేడ్లున్న రేజర్లు ఈ కోణంలో ఆలోచించదగినవి. 1971లో మార్కెట్లోకి వచ్చిన రెండు బ్లేడ్ల రేజరు వెనుక సూత్రం ఏమిటంటే, మొదటి బ్లేడు వెంట్రుకను కొంత పైకి లాగుతుంది, అది మళ్లీ లోపలికి జారేలోగా రెండోది ఇంకా కింద కోస్తుంది. ఫలితంగా వెంట్రుక కొస చర్మం మట్టం కంటే దిగువన నిలుస్తుంది. తరువాతి కాలంలో బ్లేడ్ల సంఖ్య మూడుకూ, ఐదుకూ పెరిగింది. వాటి వల్ల గడ్డలు పెరగలేదని చెప్పిన అధ్యయనాలూ ఉన్నాయి, కానీ వాటిలో కొన్ని రేజర్ల తయారీదారులతో ముడిపడినవి కనుక ఆ మాటను కొంత జాగ్రత్తగానే వినాలి. గడ్డలు వచ్చే గుణమున్న చర్మానికి ఒకే బ్లేడు, అది కూడా చర్మాన్ని బిగలాగకుండా నడిపిన బ్లేడు సరిపోతుంది. బిగలాగి గీస్తే వెంట్రుక మొదలు పైకి తేలి, వదిలాక లోపలికి మునిగిపోతుంది. అయితే వృషణాల సంచి వంటి వదులు చర్మాన్ని కొద్దిగానైనా చదును చేయకపోతే తెగే ప్రమాదం ఉంది. అసలు ఆ చోట బ్లేడు పెట్టకపోవడమే తెలివైన పని.

గీయాలనే నిర్ణయించుకున్నవారు ముందుగా పొడుగు వెంట్రుకలను కత్తెరతోనో ట్రిమ్మరుతోనో కురచ చేసుకుంటే బ్లేడు చిక్కుకోదు. గోరువెచ్చటి నీరు తగిలిన కొన్ని నిమిషాల తర్వాత వాసనలు లేని షేవింగ్ జెల్‌ను గానీ, నురుగును గానీ పట్టించి ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి. ఒంటి సబ్బు పీహెచ్ 9కీ 10కీ మధ్య ఉంటుంది, అది జిడ్డును తీసేస్తుందే తప్ప బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడు పొరగా నిలవదు. ముడతల ప్రదేశాల్లో వెంట్రుకలు ఒకే దిక్కుకు వాలి ఉండవు. చంకలోనైతే సగం పైకీ సగం కిందికీ వాలి ఉంటాయి. వేలితో తడిమి వాలు తెలుసుకుని అదే దిక్కులో, బ్లేడు బరువుకు మించి అదమకుండా, చిన్న చిన్న గీతలుగా గీస్తూ ప్రతి గీతకూ బ్లేడు కడగడం మంచిది. ఒక్కసారి పోయిన దారిలో మళ్లీ పోవలసి వస్తే జెల్ మళ్లీ రాయాలి. రెండు రోజులకోసారి గీసేవారి కంటే వారం విరామం ఇచ్చేవారి చర్మం తేరుకుని ఉంటుంది, ఎందుకంటే గీకుడుకు గురైన పైకప్పులో చాలా భాగం మూడు నాలుగు రోజుల్లో పూడుకుంటుంది.

గీసిన తర్వాత చేసే పనుల్లో అధిక భాగం ఉపశమనం కోసం చేస్తూ హాని చేసేవే. ఆల్కహాలు కలిసిన ఆఫ్టర్‌షేవ్‌ను తీసుకుంటే, అది చల్లదనం కోసం పూసేదైనా ముందు మండుతుంది. వేడిని పసిగట్టే నాడుల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రొటీను ఉంటుంది. మిరపకాయలోని కాప్సైసిన్‌కు స్పందించేదీ ఇదే, దీన్ని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా లభించింది. ఇది మామూలుగా సుమారు 42 డిగ్రీల సెల్సియస్ వేడికి మేల్కొంటుంది, ఆల్కహాలు సమక్షంలో మాత్రం 34 డిగ్రీలకే మేల్కొంటుంది. మనిషి ఒంటి వేడే అంతకంటే ఎక్కువ కనుక, కప్పు లేచిన చర్మం తన సొంత వేడికే కాలుతున్నట్టు మెదడుకు కబురు పంపుతుంది. ఈ మంట క్రిములు చస్తున్నాయనడానికి గుర్తు కాదు. నీళ్లు కలపకుండా యాంటిసెప్టిక్ ద్రవాన్ని గజ్జల్లో పూసుకునే అలవాటు అంతకంటే చెడ్డది, ఆ ద్రవాలు క్రిములతో పాటు కొత్తగా ఎదగవలసిన కణాలను కూడా చంపుతాయి.

నిజంగా పనికొచ్చేవి చాలా సాదాసీదావి. చన్నీళ్లలో తడిపి పిండిన మెత్తటి గుడ్డను ఐదు పది నిమిషాలు ఆనిస్తే వ్యాకోచించిన రక్తనాళాలు ముడుచుకుని ఎరుపు, మంట తగ్గుతాయి. మంచుముక్కను నేరుగా పెట్టడం మాత్రం తగదు. తువాలుతో రుద్దకుండా అద్ది, చర్మం కాస్త తడిగా ఉండగానే సువాసన లేని లేపనం ఏదైనా పలచగా రాయాలి. పెట్రోలియం జెల్లీ నీరు ఆవిరికాకుండా ఆపడంలో తెలిసిన పూతలన్నిటిలో అత్యంత సమర్థమైనవాటిలో ఒకటి, దానితో అలర్జీ రావడం దాదాపు లేదనే చెప్పాలి. కానీ ఉక్కపోత కాలంలో గజ్జల్లో మందంగా మెత్తితే చెమట కూడా లోపలే నిలిచిపోతుంది. గ్లిజరిన్, సెరమైడ్లు కలిసిన పలచని లోషన్లు అలాంటి వేళ మెరుగు. బాగా మెత్తగా పొడిచేసిన ఓట్ల పిండికి చర్మరక్షక పదార్థంగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2003లో గుర్తింపు ఇచ్చింది. కొబ్బరినూనె పొడిబారిన చర్మానికి మేలు చేస్తుందని పరీక్షల్లో తేలింది, అయితే వెంట్రుకల మొదళ్లలో చీముపొక్కులు మొదలైనచోట ఏ నూనె అయినా వాటిని పెంచవచ్చు. కలబంద గుజ్జు చల్లదనం నిజమే, కానీ ఆకు కోయగానే కారే పసుపురంగు ద్రవం చర్మాన్ని రేపుతుంది కనుక దాన్ని కార్చేసి గుజ్జు మాత్రమే వాడాలి.

పటిక విషయంలో పాత క్షురకుల అనుభవానికి శాస్త్రం కొంతవరకు మద్దతు ఇస్తుంది. పొటాషియం, అల్యూమినియంల ఈ లవణం గాటు దగ్గర ప్రొటీన్లను గడ్డకట్టించి సన్నని రక్తస్రావాన్ని ఆపుతుంది, కొన్ని బాక్టీరియాలను అదుపు చేస్తుంది. గడ్డం మీద చిన్న గాటుకు సరిపోయే ఈ గుణమే ముడతల్లోని పలచటి చర్మాన్ని మరింత ఎండగట్టి చురుక్కుమనిపిస్తుంది, పైగా ఒకే పటికబిళ్లను ఎందరికో రుద్దడంలో అర్థం లేదు. గీసిన వెంటనే సున్నిపిండితో నలుచుకోవడం, నిమ్మరసం పూయడం, పసుపు దట్టించడం మంచిదనే మాటలు మాత్రం ఎక్కడా నిలబడవు. పిండి రాపిడి మిగిలిన పైకప్పును కూడా లేపుతుంది, పసుపుతో కొందరికి అలర్జీ దద్దుర్లు వస్తాయి. సున్నిపిండికి అసలు చోటు ఉంటే అది గీసిన రెండు మూడు రోజుల తర్వాత, మంట పూర్తిగా తగ్గాకనే. సాలిసిలిక్, గ్లైకాలిక్ ఆమ్లాలు తక్కువ మోతాదులో ఉన్న లోషన్లు రోమకూపాల మూతిని అడ్డగించే మృతకణాలను కరిగించి లోపలికి మొలిచే వెంట్రుకలను తగ్గిస్తాయి. వాటిని కూడా ఆగి మొదలుపెట్టాలి, జననాంగాల పలచటి పొరల మీద అసలు వాడకూడదు. చంకల్లో గీసిన వెంటనే డియోడరెంట్ కొట్టుకుంటే అందులోని అల్యూమినియం లవణాలు, ఆల్కహాలు, సుగంధాలు మూడూ మండిస్తాయి కనుక రాత్రి గీసుకుని ఉదయం దాన్ని వాడటం తేలికైన ఉపాయం. వదులైన నూలు లోదుస్తులు ఒరుపునూ చెమటనూ తగ్గిస్తాయి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మందుల దుకాణంలో పొంచి ఉంది. క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి బలమైన స్టెరాయిడ్‌ను, ఒక యాంటీబయాటిక్‌ను, ఒక శిలీంధ్రనాశినిని కలిపిన గొట్టాలు భారతదేశమంతటా తక్కువ ధరకు విరివిగా అమ్ముడవుతూ వచ్చాయి. గజ్జల్లో దురదకు ఇది రాస్తే ఒక్క పూటలో ఉపశమనం కనిపిస్తుంది, ఎందుకంటే స్టెరాయిడ్ వాపును అణచివేస్తుంది. కానీ చుట్టుపక్కల తామర ఉంటే అది రక్షణ వ్యవస్థ కన్నుగప్పి అంతటా పాకుతుంది, మందు మానగానే రెట్టింపు తీవ్రతతో తిరిగి వస్తుంది. నెలల తరబడి వాడితే, పీల్చుకునే శక్తి అంత ఎక్కువగా ఉన్న ఆ చర్మం పలచబడి, గజ్జల్లో పొడవాటి చారలు పడి, అవి ఇక జీవితాంతం పోవు. ఈ దుర్వినియోగాన్ని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2018లో పలు స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చినా, కౌంటరు ముందు నిలబడి తామర మందు అడిగినవారికి ఆ గొట్టం ఇప్పటికీ దొరుకుతూనే ఉంది. గత దశాబ్దంలో దేశంలో మొండి తామర విజృంభించడానికి దీన్ని ఒక ముఖ్య కారణంగా చర్మవైద్యులు ఎత్తిచూపారు. డాక్టరు సూచనపై బలహీనమైన హైడ్రోకార్టిసోన్‌ను రెండు మూడు రోజులు వాడటం వేరు, ఇది వేరు.

ప్రత్యామ్నాయాల్లో రోమనాశక క్రీములు బ్లేడు కోతలను తప్పిస్తాయి గానీ, థయోగ్లైకాలేట్ లవణాలతో వెంట్రుకలోని గంధకపు బంధాలను తెంచడానికి వాటి పీహెచ్‌ను 12 దాకా ఉంచుతారు; చర్మంలోనూ అదే కెరటిన్ ఉంది కనుక నిర్ణీత సమయం దాటితే కాలుతుంది, జననాంగాలకు పనికిరాదని పెట్టె మీదే రాసి ఉన్న క్రీములు అనేకం. వ్యాక్సింగ్ వేడికీ, వెంట్రుకను మొదలంటా లాగే దెబ్బకూ చర్మాన్ని గురిచేస్తుంది, లోపలికి మొలిచే వెంట్రుకల సమస్యను తొలగించదు. లేజరు విషయంలో చామనఛాయ, నల్లటి చర్మాలకు 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంలో పనిచేసే ఎన్‌డీ-యాగ్ రకం ఎక్కువ భద్రమైనది, ఎందుకంటే అది చర్మపు మెలనిన్‌లో తక్కువ శోషించబడి లోతుకు పోతుంది. ఖర్చు, అనేక విడతల అవసరం దానికి పరిమితులు. ఇవేవీ అక్కర్లేని మార్గం ట్రిమ్మరు. అది వెంట్రుకను ఒక మిల్లీమీటరు ఎత్తున వదులుతుంది, కొస చర్మంలోకి తిరిగి గుచ్చుకునే అవకాశం బాగా తగ్గుతుంది, ఆపరేషన్ గదులకు సరిపడిన సాధనం స్నానాలగదికి సరిపోదనడానికి కారణమేదీ కనిపించదు. గీస్తే వెంట్రుకలు దట్టంగా వస్తాయనే భయానికి మాత్రం ఆధారం లేదు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ చేసిన కొలతల్లో గీయడం వల్ల మందంలోగానీ పెరుగుదల వేగంలోగానీ మార్పు రాలేదని తేలింది. తెగిన కొస చేతికి గరుకుగా తగలడమే ఆ భ్రమకు మూలం.

కొన్ని లక్షణాలను గీసినందువల్ల వచ్చినవేనని సరిపెట్టుకోకూడదు. వెంట్రుకల మొదళ్లలో తెల్లటి చీముతలలున్న పొక్కులు స్టెఫిలోకాకస్ ఆరియస్ వంటి బాక్టీరియా వల్ల రోమకూపం చెడిందనడానికి గుర్తు. గీయడం ఆపి, గోరువెచ్చటి కాపడం పెడితే చాలావరకు వారంలో తగ్గుతాయి. గిల్లితే లోతుకు దిగుతాయి, మానినచోట నల్లటి మచ్చలు నెలల తరబడి నిలుస్తాయి. నడుమ గుంట ఉన్న ముత్యాల్లాంటి చిన్న పొక్కులు, పులిపిర్లు వైరస్ వల్ల వచ్చేవి, వాటి మీదుగా బ్లేడు నడిస్తే అవి గీత వెంటే వరుసగా మొలుస్తాయి. మెడ, చంక, గజ్జల్లో చర్మం మందమై ముఖమల్‌లా నల్లబడితే అది బ్లేడు వల్ల కాక, ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం వల్ల వచ్చి ఉండవచ్చు, అప్పుడు పరీక్షించవలసింది రక్తంలో చక్కెర. చంకల్లోనూ గజ్జల్లోనూ సెగగడ్డలు ఏటా పదేపదే వస్తూ, మానినచోట తాడులాంటి మచ్చలూ, చీము కారే సందులూ ఏర్పడితే అది హైడ్రాడెనైటిస్ సప్పురటైవా అనే దీర్ఘవ్యాధి. అనేకులు దాన్ని ఏళ్ల తరబడి బ్లేడు దోషంగానో, అపరిశుభ్రతగానో భావించి సిగ్గుతో దాచుకోవడం వల్ల చికిత్స ఆలస్యమవుతుంది. ఎరుపు గంటగంటకూ విస్తరించి, జ్వరమూ తీవ్రమైన నొప్పీ తోడైతే, అందులోనూ రోగికి మధుమేహం ఉంటే, పూతలన్నీ పక్కనపెట్టి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.